మస్కట్‌లో ఆడిన మూడేళ్ళు

మస్కట్‌లో ఒక చిన్న క్లబ్బుకు మూడు సీజన్లు మిడ్‌ఫీల్డ్‌లో ఆడాను. మా వైపు ఈ మాట చెబితే ఇప్పటికీ సగం మంది నమ్మరు. గల్ఫ్‌కు పోయినవాళ్ళు తాపీ పని చేస్తారు, కార్లు కడుగుతారు. బంతి తన్నడానికి ఎవరు పిలుస్తారని వాళ్ళ అనుమానం. అదీ నిజమే. నన్నూ బంతి తన్నడానికి ఎవరూ పిలవలేదు. పెయింటర్ వీసా మీద పోయాను.

మాది సిరిసిల్ల. బాపు వేరేవాళ్ళ సాంచాల మీద బట్ట నేసేవాడు, అవ్వ బీడీలు చుట్టేది. డిగ్రీకి జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉన్నాను. చదివిన దానికంటే ఆడిందే ఎక్కువ. కాలేజీ టీంలో నేను మధ్యలో. నాకు ఎడమ పక్కన బుగ్గారం నుంచి వచ్చే ఒక రైతు కొడుకు. నాకంటే వాడే మంచి ఆటగాడు. ఇది వినయం కొద్దీ అంటున్న మాట కాదు. నేను తలెత్తకుండా ఎడమవైపుకు కొడితే చాలు, బంతి వచ్చే చోటికి వాడు అప్పటికే చేరి ఉండేవాడు. మ్యాచ్‌లకు పోయేటప్పుడు బస్సులో పాటలు పాడేవాడు. ఆ రోజుల్లో మా దగ్గర కుర్రాళ్ళు గొంతెత్తితే నక్సలైట్ అన్నల పాటలే. అందరం వంత పాడేవాళ్ళం. నేను మరీ గట్టిగా.

అప్పుడు పొద్దున్నే గ్రౌండులో పరుగెత్తడం కూడా అనుమానమే. "ఏం ట్రైనింగ్‌రా ఇది?" అని పోలీసులు జీపు ఆపేవాళ్ళు. చొక్కాలు విప్పించి, తుపాకీ పట్టీ ఒరుసుకున్న గుర్తులున్నాయేమోనని భుజాలు తడిమి చూసేవాళ్ళు. కోరుట్ల నుంచి వచ్చే మా గోల్‌కీపర్ రెండు రోజులు ఠాణాలో ఉండి వచ్చి ఆట మానేశాడు. అది విన్నాక బాపుకు భయం పట్టుకుంది.

"ఈడ ఉంటే పోలీసోళ్ళన్న పట్కపోతరు, అన్నలన్న పిలుస్తరు. దుబాయో, మస్కటో, ఏదో ఒకటి. పో కొడుకా," అన్నాడు.

పాస్‌పోర్టు ఎంక్వైరీకి ఠాణాకు పిలిచారు. బాపును బయట అరుగు మీద కూర్చోబెట్టి నన్ను లోపలికి పంపారు. ఎస్సై కోస్తా నుంచి వచ్చినవాడు, నాకంటే నాలుగైదేళ్ళే పెద్ద. మర్యాదగా మాట్లాడాడు. చాయ్ తెప్పించాడు. నేను తాగేదాకా ఆగి, సొరుగులోంచి మా కాలేజీ టీం ఫోటో తీసి టేబుల్ మీద పెట్టాడు.

"వీళ్ళలో లోపలికి వెళ్ళినవాళ్ళు ఎవరయ్యా?"

లోపలికి అంటే అడవిలోకి. "ఎవ్వలు పోలేదు సార్," అన్నాను.

"సరే. వెళ్ళేలా ఉన్నవాళ్ళు?"

నా కాగితాలు ఆయన మోచేతి కింద ఉన్నాయి. కలం మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"పోనీ, పాటలు పాడేదెవరు? అదైనా చెప్పు."

నా వేలు దానంతట అదే పోయిందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. వేలు దానంతట అది ఎక్కడికీ పోదు.

"వీడు సార్. బుగ్గారం. ఉత్తగ పాటలు పాడుతడు, గంతే."

సంతకం పెట్టాడు. బయటికి వచ్చాక బాపు, "ఏమడిగిండు?" అన్నాడు. "ఏం లేదు," అన్నాను. పాస్‌పోర్టు రాగానే ఏజెంటు నన్ను బొంబాయి పంపించాడు, విమానం ఎక్కేదాకా నెల రోజులు అక్కడే ఉన్నాను. పోయే ముందు జగిత్యాల వెళ్ళి వాణ్ని కలవాలని అనిపించలేదు. అనిపించింది, వెళ్ళలేదు.

మస్కట్‌లో పగలంతా గోడలకు రంగులు వేసేవాణ్ని. సాయంత్రం క్యాంపు వెనక ఇసుకలో మలయాళీలతో కలిసి ఆడేవాణ్ని. అక్కడ నన్ను ఒక సూడాన్ కోచ్ చూశాడు. కంపెనీతో మాట్లాడి తన క్లబ్బుకు తీసుకున్నాడు. జీతం క్లబ్బు ఇచ్చేది. కాగితాల మీద మాత్రం పెయింటర్‌గానే మిగిలాను. రెండో డివిజనే అయినా నిజమైన పచ్చిక, సున్నపు గీతలు, ఇస్త్రీ చేసిన జెర్సీ. మొదటి రోజు ముళ్ళ బూట్లతో నడవడం రాక గట్టు దగ్గరే బోర్లా పడ్డాను. అందరూ నవ్వారు. ఆర్నెల్లలో ఆ జట్టులో ఆట నా కాళ్ళ మీదుగానే నడిచింది.

వార్త చెల్లె పంపిన క్యాసెట్‌లో వచ్చింది. అప్పట్లో గల్ఫ్ ఇళ్ళల్లో ఉత్తరాలకు బదులు టేప్‌లో మాటలు నింపి పంపేవాళ్ళు.

"అన్నా, మీ బుగ్గారం దోస్తును పోలీసోళ్ళు పట్కపోయిన్రట. నువ్వు బొంబాయిల ఉన్నప్పుడేనట. పదకొండు దినాలు పెట్టుకున్నరట. మోకాలు పలిగిందట, ఇగ ఆడడట. నువ్వు రంది పెట్టుకోకు, మంచిగ తిను." ఆ తర్వాత ఇంటి వెనక గోడ కూలిన సంగతి చెప్పింది.

మర్నాడు మ్యాచ్ ఉంది. ఆడాను. బాగా ఆడాను. ఈ ముక్క రాయడమే నాకు కష్టం. ఎడమవైపు చూడకుండా వేసిన రెండు బంతులు రెండు గోల్స్ అయ్యాయి. "ఇది ఎక్కడ నేర్చావు?" అని కోచ్ వచ్చీరాని హిందీలో అడిగాడు. చేతులు తిప్పి నవ్వాను. గ్యాలరీలో అరబ్బులు "హిందీ, హిందీ" అని అరిచేవాళ్ళు, వాళ్ళ భాషలో హిందీ అంటే ఇండియావాడు. శుక్రవారాలు క్యాంపుల నుంచి జగిత్యాల, కోరుట్ల వాళ్ళు వచ్చి చూసేవాళ్ళు. ముస్తాబాద్ పెద్దమనిషి ఒకాయన నా రెండు చేతులూ పట్టుకుని, "నీ బతుకు బంగారమాయె తమ్మీ," అన్నాడు.

మూడో సీజన్‌లో మోకాలు మెలిపడి, లోపల ఏదో తెగింది. ఆపరేషన్ కావాలన్నారు డాక్టర్లు. పెయింటర్ సంగతి కంపెనీ చూసుకోవాలన్నాడు క్లబ్బు మేనేజర్. ఆటగాడి సంగతి క్లబ్బు చూసుకోవాలన్నాడు కంపెనీ ఫోర్‌మన్. ఇద్దరూ కలిసి చూసింది నా విమానం టికెట్ ఒక్కటే. కోచ్ ఆ వారమంతా నాకు ఎదురుపడలేదు.

ఇంటికి వచ్చిన నెలకు బుగ్గారం పోయాను. రోడ్డు మీద వాడికి మోటర్ వైండింగ్ షాపు ఉంది. ఒక కాలు చాపుకుని కూర్చుని రాగితీగ చుడుతున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపాడు.

"గ్రౌండుల నిజంగనే గడ్డి ఉంటదారా?"

"ఉంటది. దినాం నీళ్ళు కొడతరు."

"పడితే దెబ్బ తాకదు గదా," అని నవ్వాడు. చాలా అడిగాడు. ఎంతమంది చూస్తారు, కోచ్ తిడతాడా, ఎడమ పక్కన ఆడినవాడు ఎట్లాంటివాడు. అన్నీ చెప్పాను. చివరికి, "నీకో ముచ్చట చెప్పాలె," అన్నాను.

"ఫోటో ముచ్చటేనా? చెప్పకు." తీగ మీంచి చూపు ఎత్తలేదు. "మొదటి దినమే ఎరుక నాకు. కొట్టినోడే చెప్పిండు, నీ దోస్తే చూపెట్టిండని."

తీగ ఇంకో రెండు చుట్లు చుట్టాడు.

"నీ గురించి గూడ అడిగిన్రు. వాడు గూడ పాడుతడా చెప్పు, బొంబాయిలనే ఆపుతం, ఇమానం ఎక్కనియ్యం అన్నరు. వాడు ఆట తప్ప ఏం ఎరుగడు అని చెప్పిన."

కాళ్ళ మీద పడాలని ఉండింది. పడితే నా బరువు దిగుతుంది, వాడికి ఏమొస్తుంది? అట్లాగే కూర్చున్నాను. ఒక రైతు మోటర్ తెచ్చి దించాడు. వాడు అతనితో మాట్లాడి, నా వైపు తిరిగి, "ఇగ రాకురా. కోపమేం లేదు. గని రాకు," అన్నాడు.

మళ్ళీ పోలేదు. మాట విన్నానని చెప్పుకోవచ్చు. నాకు అదే సులువు కూడా.

కొన్నేళ్ళకు కోరుట్లలో ఒక బడివాళ్ళు ఆటల పండుగకు పిలిచారు. విదేశీ క్లబ్బులో ఆడిన మన జిల్లా బిడ్డ అని మైకులో చెప్పి శాలువా కప్పారు. వద్దనలేదు. ముందు వరుసలోంచి ఒక పిల్ల లేచి, "సార్, మీకు ఆట ఎవరు నేర్పిన్రు?" అని అడిగింది.

సూడాన్ కోచ్ పేరు చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.