రంగయ్య, సుబ్బయ్యల వాటాల తగవు

ఆ రోజుల్లో బి.కాం. పాసైనవాడికి తెలియని లెక్కంటూ ఉండేది కాదు. ఉద్యోగమే ఉండేది కాదు. డెబ్బైల్లో నేనూ అలాంటి మేధావినే. డెబిట్‌కీ క్రెడిట్‌కీ తేడా తెలిసింది కనుక ఇక ఆర్థికమంత్రిని కావడమే తరువాయి అనుకుంటూ ఎ.కొండూరులో మా అరుగు మీద కూర్చుంటే, నాన్న "మంత్రిగారూ, గేదెల్ని కాస్త తోలుకొస్తారా?" అనేవారు. ఆ పోరు పడలేక తిరువూరు చేరి, బస్టాండు దగ్గర లారీ షెడ్డు పక్కగదిలో అకౌంట్సు ట్యూషన్ పెట్టాను. "దసరాలోపు నేనే వచ్చి చూస్తా. అది నడుస్తుంటే సరి, లేకపోతే ఇంటికొచ్చి నాగలి పట్టాల్సిందే" అని నాన్న ముందే చెప్పారు.

చేరినవాళ్ళు పిల్లలు కాదు. షెడ్డు యజమాని లారీ భాయ్, మిర్చి వ్యాపారం చేసే మిరపకాయల బాబాయి, ఇంకో నలుగురు కొట్లవాళ్ళు. సేల్స్ టాక్సు వాళ్ళు అడిగే పద్ధతిలో లెక్కలు రాయడం నేర్చుకోవాలని, పొద్దున్నే కొట్లు తెరవకముందు వచ్చేవారు. అందరూ నాకంటే పెద్దవాళ్ళే. (అందరూ నన్ను సార్ అంటుంటే నాకు నేల మీద కాళ్ళు ఆనేవి కావు.)

ఒకరోజు పుస్తకంలోంచి ఒక లెక్క బోర్డు మీద రాశాను. రంగయ్య, సుబ్బయ్య సమాన వాటాలతో మూడేళ్ళు వ్యాపారం చేశారు. రంగయ్య సొంతానికి వెయ్యి రూపాయలు వాడుకున్నాడు. ఇద్దరూ విడిపోయారు. ఖాతాలు ముగించండి.

భాయ్ పెన్సిలు కింద పెట్టాడు. "సుబ్బయ్యకి చెప్పే తీశాడా సార్?"

"పుస్తకంలో అది లేదండి."

"అదేంటండీ, అసలు సంగతే రాయలేదా? చెప్పకుండా తీస్తే దొంగతనమేగా!"

బాబాయి గయ్యిమన్నాడు. "దొంగంటావేంటి భాయ్? నోరు మంచిదైతే ఊరు మంచిది. పాపం, కూతురి పురుటికి వాడుకున్నాడేమో!"

"పురుడైతే చెప్పి తియ్యాలి. పొత్తంటే పొత్తే!"

గది రెండుగా చీలిపోయింది. ఆ వెయ్యిని రంగయ్య ఖాతాకి ఖర్చు రాస్తే చాలని నేను గొంతు చించుకుంటే, "మీరుండండి సార్" అని రెండు పక్షాలూ కలిసి నా నోరు నొక్కేశాయి. చివరికి బాబాయి "రంగయ్యని దొంగన్న చోట నేను కూర్చోను" అని లేచాడు. అతని వెనక ఇంకో ఇద్దరు లేచారు. నా ట్యూషన్ కళ్ళముందే కూలిపోతోంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో నాన్న! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏంటీ గొడవ?" అన్నారాయన.

"సమయానికొచ్చారు పెద్దాయనా, మీరే చెప్పండి" అంటూ ఉన్న ఒక్క కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి ఇరుపక్షాలూ తమ వాదన వినిపించాయి. ఇది పుస్తకంలో లెక్క అన్న ముక్క ఒక్కరూ చెప్పలేదు. (ఆ వేడిలో నేనూ మర్చిపోయాను.) నాన్న కండువా సర్దుకుని తీర్పు చెప్పారు.

"మూడేళ్ళ పొత్తుని వెయ్యి రూపాయలకి తెంచుకుంటారా? చెప్పకపోవడం రంగయ్య తప్పే. ఆ వెయ్యీ తెచ్చి ఉమ్మడి పెట్టెలో వెయ్యమనండి. సుబ్బయ్యని మాత్రం ఓసారి రంగయ్య ఇంటికి భోజనానికెళ్ళమనండి. విడిపోయే మాట ఎత్తద్దు."

"బాగా చెప్పారండీ!" అని భాయ్ టీలు తెప్పించాడు. బాబాయి కూర్చున్నాడు. లెక్క అక్కడితో ఆగిపోయింది.

బస్సెక్కించడానికి వెళ్తూ నాగలి మాట కోసం బిక్కుబిక్కుమంటూ చూశాను. నాన్న నా భుజం తట్టి "పెద్దపెద్దవాళ్ళే వస్తున్నారురా నీ దగ్గరికి! గేదెల సంగతి నేను చూసుకుంటాలే" అన్నారు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అది మొదలు ఎప్పుడు ఇంటికెళ్ళినా "రంగయ్యా సుబ్బయ్యా కలిసే ఉన్నారా?" అని అడిగేవారు. "ఉన్నారు నాన్నా" అనేవాణ్ణి. అంతటితో ఊరుకోకుండా ఓ ఏడాది వాళ్ళచేత విస్సన్నపేటలో రెండో కొట్టు పెట్టించాను. తర్వాత వియ్యమందించాను. చాలా ఏళ్ళకి, మనసాగక, "వాళ్ళు లెక్కలోవాళ్ళు నాన్నా, నిజంగా లేరు" అని చెప్పేశాను.

"తెలుసురా. ఆరోజు బోర్డు మీద చూశాగా" అన్నారు నాన్న నవ్వుతూ. "లెక్కలోవాళ్ళయితే మాత్రం విడగొడతామా?"

నాన్న లేరిప్పుడు. ఖాతాలు ముగించీ ముగించీ జుట్టు తెల్లబడిన నేను ఆ ఒక్క లెక్క ఇప్పటికీ చెయ్యలేదు. ఈ వయసులో ఇదేం పిచ్చని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వితే నవ్వనీండి, రంగయ్యా సుబ్బయ్యా మంచి లాభాల్లో ఉన్నారు.