కడగడం ఎవరికి నేర్పాను

కిందటేడు వానాకాలం. రాజమండ్రిలో పిల్లల సర్జరీ ఓపీలో నర్సుగా నాకది పంతొమ్మిదో ఏడు. ఆ ఉదయం ఓ స్కానింగ్ రిపోర్టు చూసి ఒళ్లు మండిపోయింది. ఇంజనీరింగ్‌లో అప్పుడే చేరిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి. మూత్రాశయంలో ఉసిరికాయంత రాయి, కుడి కిడ్నీ వాచిపోయి ఉంది.

పేరు లావణ్య అనుకుందాం. పుట్టుకతోనే వెన్నులో లోపం. నరాలు పనిచేయక మూత్రాశయం గట్టిపడి ఆ ఒత్తిడి కిడ్నీల మీద పడింది. ఏడేళ్లప్పుడు మా దగ్గరే పేగుముక్క కలిపి మూత్రాశయాన్ని పెద్దది చేశారు. ఆగ్‌మెంటేషన్ అంటాం. ఇక జీవితాంతం కేథటర్ అనే సన్నటి గొట్టంతో నాలుగు గంటలకోసారి మూత్రం తీయాలి. పేగు జిగురు వదులుతూనే ఉంటుంది కాబట్టి రోజూ ఆ గొట్టంలోంచి సిరంజితో సెలైన్ పంపి లోపల కడగాలి. కడగకపోతే రాళ్లు కడతాయి.

వాళ్లమ్మ భీమవరం దగ్గర పల్లె నుంచి వచ్చింది. రొయ్యల చెరువులు ఉన్నాయి వాళ్లకి; నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు బతకవు.

"బాగానే ఉంది కదా అని రెండేళ్లుగా చెకప్‌కి రాలేదండి" అంది.

"బాగానే ఉందని చెరువులో ఏరియేటర్లు కట్టేస్తారా అమ్మా మీరు?"

ఆవిడ తల దించుకుంది. "ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేనే కడిగానండి, ఒక్కరోజు మానలేదు. ఇంటర్‌కి హాస్టల్లో చేరాక అదే చేసుకుంటుందనుకున్నా."

దాంతో అమ్మాయి మీద పడ్డాను. "చదువుకున్నదానివి, ఏంటమ్మా ఇది? కడుక్కోవడానికి బద్ధకమా?"

"గొట్టం రోజూ వేసుకుంటున్నానండి. లేకపోతే బట్టలు తడిసిపోతాయి కదా. కడగడం ఎందుకో నాకు తెలీదు మేడం. అమ్మ చాదస్తం అనుకున్నా." నా వైపు తిరిగి, "మీరు అమ్మకి నేర్పినప్పుడు నన్ను ఫ్యాను వైపు చూడమన్నారు" అంది.

నిజమే. భయపడుతుందని నేనే అన్నాను. తల్లి చేతికి సిరంజి ఇచ్చి మూడు రోజులు దగ్గరుండి నేర్పాను. బాగా నేర్పానని మురిసిపోయాను కూడా. ఆ తర్వాత ఏటా చెకప్‌లో "కడుగుతున్నారా?" అని తల్లినే అడిగాను. ఆవిడ "కడుగుతున్నానండి" అనగానే టిక్కు పెట్టేశాను. పక్కన కూర్చున్న పిల్లని ఒక్క ముక్క అడగలేదు. ఎవరి మీద విసుక్కోను ఇక?

రాయి తీసేశారు. కిడ్నీలో దెబ్బతిన్న భాగం మాత్రం తిరిగి రాదన్నారు డాక్టరుగారు.

ఇప్పుడు కాస్త ఊహ తెలిసిన పిల్లలొస్తే తల్లిని బయట కూర్చోమని పిల్లలకే చెబుతాను, వాళ్లచేతే చేయిస్తాను. తల్లులకి కోపం వస్తుంది. రానీండి. డిశ్చార్జి రోజు లావణ్య తన చేతులతో తానే కడుక్కుంది. నేర్చుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.