రెండోసారి తొక్కితే పట్టే బ్రేకు

పోయిన నెల మా పాత కారుకు బ్రేకు ప్యాడ్లు వేయిద్దామని నేనూ మా ఆవిడా తిరువూరులో స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్లాం. కౌంటరులో కూర్చున్న అమ్మాయి బండి ఏ మోడలు, ఏ సంవత్సరంది అని అడిగి, కంప్యూటరులో చూసి, అవి అయిపోయాయని, రెండు రోజుల్లో తెప్పిస్తానని చెప్పింది. అద్దాల బీరువాలో దాదాపు అలాగే ఉన్న వేరే మోడలు ప్యాడ్లు కనిపిస్తుంటే, పాత అలవాటు కదా, వాటినే కాస్త అరగదీసి వేస్తే సరిపోతాయేమో అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "బ్రేకుల దగ్గర అలాంటి పనులు చెయ్యకూడదండి" అంది. పక్కనుంచి మా ఆవిడ అందుకుని, "అలా గట్టిగా చెప్పమ్మా! మా నాన్న కూడా ఇలాగే తెలియని బండిలో చెయ్యి పెట్టి ఒకాయన్ని కుంటివాణ్ణి చేశాడు" అంది. ఈ మాట ఆవిడ పెళ్లయినప్పటినుంచీ అంటూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం కొట్టు మెట్లు దిగుతుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మా ఆవిడ నాన్న అంటే నాకు స్వయానా మేనమామ. డెబ్బైలలో విజయవాడ వెళ్లే రోడ్డు మీద ఆయనకు రేకుల షెడ్డు ఒకటి ఉండేది. చుట్టుపక్కల జీపులు, ట్రాక్టర్లు, లారీలు ఏవి మొరాయించినా అక్కడికే వచ్చేవి. పానా పట్టుకోవడం దగ్గర్నుంచి ఆయనే నేర్పాడు నాకు. ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలిగేవాణ్ణి, ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా చెప్పేవాణ్ణి. మామయ్య కూతుర్ని నాకివ్వడానికి అప్పటికే తాంబూలాలు పుచ్చుకున్నారు. దాంతో ఆ షెడ్డు సగం నాదే అన్న ధీమా కూడా వచ్చి చేరింది.

ఆ ఏడు మామిడికాయల రోజుల్లో రెడ్డిగూడెం వైపు తోటలున్న ఒక ఆసామి మద్రాసులో పాత రేసు కారు కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు, ఎర్ర రంగు, పైన కప్పు లేదు, నేలకు జానెడు ఎత్తున ఉండేది. దాన్ని చూడటానికి ఊరంతా మా షెడ్డు ముందు మూగింది. పరుగు బ్రహ్మాండంగా తీసేది గానీ, బ్రేకులు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. మామయ్య చక్రాలు విప్పి చూసి, ఇది మనకు తెలిసిన బండి కాదని, దీని సామాను దీనికే తెప్పించి వేయాలని, అందాకా మెల్లగా నడుపుకోమని చెప్పాడు. విదేశం నుంచి సామాను రావాలంటే ఎన్ని నెలలో ఎవరికి తెలుసు? ఆసామి ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లాడు.

తరవాతి వారం మామయ్య బంధువుల ఇంట పెళ్లికని నాలుగు రోజులు ఊరు వెళ్లాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, నేను ఆసామికి కబురు పంపించి కారు తెప్పించాను. ముందు చక్రాలకు అంబాసిడరు కారు బ్రేకు డ్రమ్ములు, దాని సిలిండర్లు తెచ్చి, లేతు మిషను మీద అంచులు తరిగించి కూర్చోబెట్టాను. అవి పాతవాటికన్నా పెద్దవి కనక పట్టు గట్టిగా ఉంటుందని నా లెక్క. ఆ లెక్క తప్పు కాదు. కానీ పెద్ద సిలిండర్లకు ఎక్కువ బ్రేకు ఆయిలు కావాలి, దాన్ని తోసే మాస్టర్ సిలిండరేమో ఆ కారుది, చిన్నది. జీపుది వేద్దామంటే ఆ చోట పట్టలేదు. అందుకని మొదటిసారి తొక్కితే పెడలు ఊరికే నేలదాకా పోయేది, రెండోసారి తొక్కితే బండి నేలకు కరుచుకున్నట్టు ఆగేది.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో అది మాకు తప్పుగానే అనిపించేది కాదు. మా వైపు తిరిగే లారీల్లో, జీపుల్లో సగం అలాంటివే. డ్రైవరన్నవాడు రెండుసార్లు తొక్కడం నడకలో చేతులు ఊపినంత సహజంగా చేసేవాడు. ఆసామికి కూడా అదే చెప్పాను, ఆయన అదే నేర్చుకున్నాడు. బజారు మధ్య కారు ఆపి చూపిస్తూ, ఇలాంటి చెయ్యి మద్రాసులో కూడా లేదని నలుగురిలో నన్ను మెచ్చుకున్నాడు. నాకు కాళ్లు నేలమీద ఆనలేదు.

మామయ్య తిరిగొచ్చి ఆ సంగతి విని, కారు తెప్పించి, పెడలు ఒక్కసారి తొక్కి చూశాడు. "రెండోసారి తొక్కే తీరిక రోడ్డు అన్నిసార్లూ ఇవ్వదురా" అన్నాడు. మొత్తం విప్పి పాతవి వేసెయ్యమన్నాడు. కారు మర్నాడు కావాలని ఆసామి పట్టుబట్టాడు, నేనూ ఆయనకే వంత పాడాను. చేసేది లేక మామయ్య సాయంత్రం రోడ్డు పక్కనే, పదిమంది చూస్తుండగా, చక్రాలు ఎత్తి తన చేత్తో లోపలి బ్రేకు షూలను డ్రమ్ములకు దగ్గరగా బిగించాడు. దాంతో మొదటి తొక్కుకే ఎంతో కొంత పట్టు దొరికింది. ఆ వచ్చిన కాస్త పట్టూ ఆయన చలవే.

మర్నాడు కారు నడిపింది ఆసామి కాదు, మద్రాసు నుంచి వచ్చిన ఆయన బావమరిది. అతనికి రెండుసార్లు తొక్కాలన్న సంగతి ఎవరూ చెప్పలేదు. విస్సన్నపేట దాటాక మామిడికాయల బుట్టలతో వెళ్తున్న ఎడ్లబండి మలుపులో అడ్డమొచ్చింది. అతను ఒక్కసారే తొక్కాడు. కారు నెమ్మదించింది గానీ ఆగక ఎడ్లబండిని గుద్దింది. బండి తోలుతున్న పెద్దాయన కాలు రెండుచోట్ల విరిగింది. ప్రాణం పోలేదంటే అంతకుముందు సాయంత్రం మామయ్య బిగించిన బిగింపు వల్లే. ఆ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు, ఆయనకీ నాకూ.

ఆసామి షెడ్డుకు వచ్చి ఊరంతా వినేలా అరిచాడు. "కుర్రాడు లక్షణంగా వేసిన బ్రేకుల్లో నువ్వెందుకయ్యా చెయ్యి పెట్టావు?" అని నిలదీశాడు. మామయ్య నా వైపు చూశాడు. కోపంగా కాదు, ఏదో మాట అందిస్తానేమోనని ఎదురుచూసినట్టు చూశాడు. నేను చేతిలో ఉన్న పానాకు అంటిన జిడ్డు గుడ్డతో తుడవసాగాను. తుడిచిందే మళ్లీ తుడిచాను. చివరికి ఆయనే, "పొరపాటు నాదేనండీ" అన్నాడు.

ఆ తరవాత ఆయన చేత బండి ముట్టించేవాళ్లు లేకపోయారు. వచ్చినవాళ్లు నన్నే అడిగేవారు. పని తెలిసిన పిల్లవాడని మెచ్చుకుంటూ పక్కనే ఉన్న ఆయన్ని తప్పించుకుపోయేవారు. మూడు నెలల్లో షెడ్డు నాకప్పగించి ఆయన ఇంట్లో కూర్చున్నాడు. అనుకున్న ముహూర్తానికే మా పెళ్లి జరిగింది. విస్సన్నపేట వెళ్లి ఆ బండి పెద్దాయన్ని చూసి వచ్చేది కూడా మామయ్యే. నేను ఒక్కసారీ వెళ్లలేదు, నాకు మొహం చెల్లలేదు. ఓపిక ఉన్నన్నాళ్లు మామయ్య సాయంత్రంపూట షెడ్డుకు వచ్చి, నేను బాగుచేసిన ప్రతి బండి పెడలూ ఒక్కసారి, ఒక్కసారే, తొక్కి చూసి వెళ్లిపోయేవాడు. ఆయన పోయేదాకా కూడా తప్పు నాదన్న మాట నా నోట రాలేదు. పోయాక చెప్పడానికి ఏముందిలే అని సర్ది చెప్పుకున్నాను. మా తరం మెకానిక్కులకు సర్దడం బాగా వచ్చు కదా!

రెండు రోజుల తరవాత కొత్త ప్యాడ్లు వేయించుకుని ఇంటికి వస్తుంటే మా ఆవిడ, "బ్రేకులు భలే పట్టుకుంటున్నాయండీ. ఇలాంటి సరైన సామాను ఆ రోజుల్లోనే దొరికుంటే పాపం మా నాన్నకు ఆ చెడ్డపేరు వచ్చేది కాదు" అంది. తండ్రిని ఎన్నడూ అలా వెనకేసుకురాని మనిషి. నేను కారు పక్కకు తీసి ఆపాను. అక్కడే, స్టీరింగు వదలకుండా, మొత్తం చెప్పేశాను.

 ఆవిడ, "అంటే నా పెళ్లి చెడకూడదని ఊరుకున్నాడన్నమాట. నేనేమో అందరి ముందూ ఆయన్నే అంటూ వచ్చాను" అని కిటికీ వైపు తిరిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇప్పుడు ఏ బండికి ఏ సామాను పడుతుందో కంప్యూటరే చెబుతుంది, ఏ బ్రేకు అయినా ఒక్క తొక్కుకే పట్టుకుంటుంది. మా షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. తప్పు నాదని ఇవాళ బజారులో నిలబడి చెప్పాలని ఉంది. చెప్పినా, మామయ్య ఎవరో గుర్తున్నవాళ్లు ఊళ్లో పట్టుమని పదిమంది లేరు.