చెరకు తోటకు జడ

కూతురికి జడ వేస్తుంటే కిటికీ అవతల గాలి లేచింది. ఎండుటాకులు గరగరలాడాయి. నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వింటే సుగుణప్ప గుర్తొస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మునగపాకలో మా పక్కిల్లు ఆమెది. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడేది, మిగతా రోజులు అదే గొంతుతో ఊరందరినీ తిట్టేది. ఆ వానాకాలం మా ఆయన బండి మీంచి పడి, కాలు విరిగి అనకాపల్లి ఆసుపత్రిలో ఉన్నాడు. తోటకేమో జడ చుట్టే అదును వచ్చేసింది. ఎండుటాకులు మెలిపెట్టి దుబ్బులోని గడలన్నీ కలిపి కట్టకపోతే చెరకు గాలికి నేలకొరుగుతుంది. ఆ తోట తప్ప మాకు వేరే ఆధారం లేదు. కూలీలంతా వరినాట్లకు పోయారు. రోజూ పొద్దున్నే వెళ్లి గట్టు మీద నిలబడేదాన్ని. కంటికి ఆనినంత మేర చెరకే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడవాలని గుర్తొచ్చి ఇంటికి వచ్చేసేదాన్ని.

ఒక పొద్దున తుంపరలో అలాగే వెనక్కి మళ్లుతుంటే సుగుణప్ప గట్టు మీదే ఎదురై, రోజూ తోటకు దిష్టి తీస్తున్నావా అని ఎకసెక్కమాడింది. ఏడుపు ఆగక, ఇంత తోటకు ఒక్కదాన్ని జడ ఎలా చుట్టేదప్పా అన్నాను.

"జడేసుకున్నప్పుడు ఎంట్రుకలు లెక్కెడతావేటే? సేతికొచ్చిన పాయ అట్టుకుంటావు. తోటనొగ్గీ. ఈ దుబ్బు సూడు," అంది.

పక్కనే నిలబడింది గానీ ఆకు ముట్టలేదు. నేను కట్టింది ఊడిపోయింది, మళ్లీ కట్టించింది. మర్నాటి నుంచి ఒక్కదాన్నే వెళ్లాను. ఆకులు చేతులు కోసేవి. దుబ్బు దుబ్బుకీ మబ్బు వంక చూసేదాన్ని. భయం ఏ రోజూ తగ్గలేదు.

సగం తోట మిగిలుండగానే గాలి వచ్చింది. తెల్లారి చూస్తే జడ చుట్టని చెరకంతా చాపలా పరుచుకుని ఉంది. గట్టు మీద కూలబడి ఏడ్చాను. సుగుణప్ప ఓదార్చలేదు. రెక్క పట్టి లేపి అవతలి వైపుకు లాక్కుపోయింది. అక్కడ గడలు ఒకదాన్నొకటి ఆనుకుని, నీళ్లు కారుతూ నిలబడి ఉన్నాయి.

"పడ్డదానికి తరవాత ఏడుద్దువులే. ముందెళ్లి మీ ఆయనకి సెప్పు, సగం నిలబెట్టేనని."

సుగుణప్ప ఇప్పుడు లేదు. పెద్ద పని ఎదురైతే ఇప్పటికీ నాకు ముందు ఊడ్చిన వాకిలే గుర్తొస్తుంది.

"అమ్మా, బస్సొచ్చేత్తాది," అంది కూతురు.

చేతికొచ్చిన పాయ పట్టుకున్నాను.