రంజన్ కింద మాగేసిన సీసా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. యాభై దాటాక ఇప్పుడు తెలిసిన విషయమే కనబడటం లేదు, అది వేరే సంగతి. కరీంనగర్‌లో గ్రానైట్ రాళ్లను విదేశాలకు పంపే ఒక ఆఫీసులో కొత్తగా చేరాను. ఉద్యోగం పేరు మార్కెటింగ్. చేసే పని మాత్రం కొనడానికి వచ్చిన దొరల వెనక గొడుగు పట్టుకొని తిరగడం, వాళ్ల ఇంగ్లిషును మా సేటుకు, మా సేటు తిట్లను వాళ్లకు మర్యాదగా మార్చి చెప్పడం. (ఆ తిట్ల తర్జుమాకే నాకు ఇంకో జీతం ఇవ్వాల్సింది.) ఆ దొరల్లో ఒకాయనకు మేం నీళ్ల దొర అని పేరు పెట్టుకున్నాం. ఎంత పెద్ద రాతి దిమ్మె ముందు నిలబెట్టినా, బకెట్ నీళ్లు తెప్పించి దాని మీద కుమ్మరించి, ఆ తడిలో సన్నటి పగులేదైనా కనబడుతుందేమోనని చెంప ఆనించి మరీ వెతికేవాడు. ఒక మే నెలలో ఆయనకు క్వారీలోనే ఎండదెబ్బ తగిలింది. దిమ్మె పక్కనే కూలబడితే నేను అరికాళ్లకు ఉల్లిగడ్డ రాసి, మజ్జిగ తాగించి, నీడకు చేర్చాను. మరుసటి ఏడు వచ్చినప్పుడు ఆయన నా చేతిలో ఒక నల్లటి సీసా పెట్టాడు.

ఎర్ర వైన్. కాబర్నే అనే ద్రాక్ష ఎక్కువ, మెర్లో అనీ ఇంకోటనీ మరో రెండు రకాలు కొంచెం కొంచెం. కాబర్నే తోలు మందం, మహా పెడసరం, ఒంటరిగా వదిలితే ఎవరితోనూ కలవదట. మిగతా రెండూ దాన్ని పక్కన కూర్చోబెట్టుకొని నచ్చజెబుతాయట. ఆ నచ్చజెప్పడానికి పదేళ్లు పడుతుంది, అందాకా తెరవొద్దు, చల్లటి చీకట్లో పడుకోబెట్టు, బిరడా ఆరిపోకూడదు అని నీళ్ల దొర నాకు ప్రాణం పోయేలా బోధించాడు. అప్పుడు నేరేడు పండు లాంటి రుచి, పెన్సిల్ చెక్కినప్పటి వాసన వస్తాయన్నాడు. ఇప్పుడు తాగితే మాత్రం పచ్చి తునికికాయ కొరికినట్టే అని నాకు నేనే తర్జుమా చేసుకున్నాను. ఒక్క చుక్క తాగకుండానే ఆ రోజు నుంచి నేను వైన్ పండితుణ్ణి.

చిక్కంతా చల్లటి చీకటి దగ్గర వచ్చింది. కరీంనగర్‌లో నేనుండేది రేకుల గది. ఎండాకాలం అందులో గుడ్డు పెడితే పొదగాల్సిన పని లేకుండా పిల్ల బయటికి వస్తుంది. అందుకని సీసాను తువ్వాలలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని, నస్పూర్‌లో ఉన్న మా మామ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మా అమ్మకు అన్న, నాకు పిల్లనిచ్చిన మామ కూడా. బతుకంతా బొగ్గుబాయిలో దిగి పనిచేసి, రిటైరై, పెంకుటింట్లో కాళ్లు చాపుకొని కూర్చున్న మనిషి. నేను చెప్పిందంతా విని సీసాను అటూ ఇటూ తిప్పాడు.

"పదేండ్లా? అరే, కల్లు పొద్దుగాల తియ్యగుంటది, పొద్దుమీకంగ పులుస్తది, తెల్లారితే పారబోసుడే. గిదేంది అల్లుడా, ముసల్దైనకొద్ది మంచిగైతదా? జర మీ అత్తకు జెప్పు గీ ముచ్చట."

వంటింట్లోంచి అత్త గొంతు వచ్చింది. "నేను మంచిగనే అయిన. నీకే ఎరుకైతలేదు."

పెన్సిల్ వాసన సంగతి కూడా చెప్పాను. "గా వాసనకు పదేండ్లు ఆగాల్నా? బడి కాడ జరసేపు నిలబడితే సాలదా?" అన్నాడు. అన్నాడే గాని, ఆ సాయంత్రమే రంజన్ జరిపించాడు. (తెలియనివాళ్ల కోసం: రంజన్ అంటే మా వైపు మంచినీళ్ల పెద్ద మట్టి కుండ. తడి ఇసుక మీద కూర్చోబెడతాం.) ఆ ఇసుకను లోతుగా తవ్వి, సీసాను పడుకోబెట్టి, పైన ఇసుక కప్పి, మళ్లీ రంజన్ పెట్టాడు. రోజూ పొద్దునా సాయంత్రం ఇసుక మీద నీళ్లు చల్లేవాడు. ఇంటికి ఎవరొచ్చినా, "కింద మా అల్లుని మందు పండుకున్నది, జర మెల్లగ ముంచుకోండ్రి" అనేవాడు. మనవరాలిని కూడా ఆయన అంత జాగ్రత్తగా పడుకోబెట్టలేదని మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది.

ఏళ్లు గడిచాయి. మామకు దగ్గు మొదలైంది. బాయి పని చేసినవాళ్లకు దగ్గు ఉంటుందిలే అని మేమూ పట్టించుకోలేదు, ఆయనా పట్టించుకోలేదు. తర్వాత ఆయాసం పట్టుకుంది. గడప నుంచి మంచం దాకా నడిస్తే చాలు, మధ్యలో గోడ పట్టుకొని నిలబడేవాడు. కరీంనగర్ తీసుకొచ్చి పెద్ద డాక్టరుకు చూపించాం. ఆయన ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, నన్ను బయటికి పిలిచి, "ఆయన ఏం తింటానంటే అది పెట్టండి" అన్నాడు. ఆ మాటకు అర్థం మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తిరుగు ప్రయాణంలో మామ కిటికీ పక్కన కూర్చొని, దారి పొడుగునా పేర్చి ఉన్న గ్రానైట్ దిమ్మెలను చూస్తూ, "గిన్ని బండలు కొన్నోళ్లు ఏం జేసుకుంటరు అల్లుడా?" అని అడిగాడు. ఎక్కువగా సమాధుల మీద పెట్టుకుంటారని నాకు తెలుసు. నేలకు పరుచుకుంటారు మామా అన్నాను.

ఇంటికి రాగానే సీసా తీద్దామన్నాను. పదేళ్లు కాకపోతే ఏం, తెరిచి ఆయన నోట్లో పోస్తే నా మనసు కుదుటపడుతుంది. మామ ససేమిరా అన్నాడు.

"పండని కాయ తెంపుతరా ఎవరన్న? పదేండ్లని నువ్వే గద జెప్పినవ్. ఆరే అయినయ్. గింత కాలం కావలి గాసి, ఆఖరికి దొంగలెక్క తాగాల్నా? నేను ముట్ట."

అత్త బతిమాలింది. చిన్నమామ, అంటే ఆయన తమ్ముడు, అరిచాడు. ఉహూఁ. ఆ మొండితనం చూస్తే కాబర్నే ఈయన దగ్గరే నేర్చుకుందేమో అనిపించింది. కానీ ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. గోడ వైపు చూస్తూ అడిగాడు.

"మామిడికాయలను గడ్డిల మాగేస్తే వారం దినాలల్ల పండుతయ్ గదా. గా సీసను గూడ గడ్డిల పెడితే... జర జల్దీ అయితదా?"

వేడి తగిలితే వైన్ పాడవుతుందనీ, దానికి కాలం ఒక్కటే మందనీ నా ఉపన్యాసం నోటిదాకా వచ్చింది. ఆయన మెడ దగ్గర ఊపిరి కొట్టుకోవడం చూశాక దాన్ని మింగేశాను. "అయితది మామా" అన్నాను. పక్కింట్లో బర్రెల కొట్టం నుంచి గడ్డి తెచ్చి, రంజన్ జరిపి, సీసా చుట్టూ నేనే కప్పాను. నీళ్ల దొర చూసి ఉంటే బకెట్ నీళ్లు నా నెత్తిన కుమ్మరించేవాడు. నేను వెళ్లినప్పుడల్లా మామ పరీక్ష పెట్టేవాడు. "పండిందా సూడు." మామిడిపండైతే ఒత్తి చూడొచ్చు, గాజు సీసాను ఏమని ఒత్తాలి? అయినా ఒత్తాను. "ఇంక జర గట్టిగనే ఉన్నది మామా" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది, ఆ దగ్గు చాలాసేపటిదాకా ఆగలేదు. వానలు పడకముందే పోయాడు.

దినాల నాడు ఇంటి వెనక గోడ మీద విస్తరాకు వేసి, ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టాం. అన్నం, మటన్, బోటి కూర, కల్లు, బీడీ కట్ట. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తి పడ్డట్టు. కాకులు వచ్చాయి, గోడ చివర కూర్చున్నాయి, మమ్మల్ని చూశాయి. ఒక్కటీ ముట్టలేదు. చిన్నమామ చేతులు జోడించి, "అన్నా, వదినెను మంచిగ సూసుకుంటం, ఫికర్ జెయ్యకు, ముట్టు" అన్నాడు. కాకి ముక్కు గోక్కుంది. చివరికి ఎవరో అన్నారు, ఏదో కోరిక మిగిలిందని. అందరూ నా వైపు చూశారు.

సీసా తీసుకొచ్చాను. బిరడా తీసే సాధనం నస్పూర్‌లో ఎవరింట్లో ఉంటుంది? తలుపుకు బిగించే స్క్రూను బిరడాలోకి తిప్పి, పట్కారుతో నేనూ చిన్నమామా చెరో వైపు గుంజితే, సగం ఊడొచ్చింది, సగం లోపలికి పోయింది. ఆకు దొన్నెలో పోసి గోడ మీద పెట్టి దూరంగా జరిగాం. ఒక కాకి గెంతుతూ వచ్చింది. దొన్నెలోకి తల వంచి చూసింది. పక్కకు జరిగి, మటన్ ముక్క నోట కరుచుకొని ఎగిరిపోయింది.

"మందు ముట్టలే" అన్నాడు చిన్నమామ నీరసంగా.

"ఎట్ల ముడతడు?" అంది అత్త వెనక నుంచి. "పదేండ్లు కాలే గదా."

అంతమంది చావింటి మనుషులం ఒక్కసారిగా నవ్వాం. నవ్వుతూనే కొందరు ఏడ్చారు. తెరిచిన సీసాను ఉంచలేం గనక స్టీలు గ్లాసుల్లో తలా కొంచెం పోశారు. నేను అలవాటు కొద్దీ గ్లాసు తిప్పి, ముక్కు పెట్టి వాసన చూశాను. (దినాల నాడు, కొడుకుల్లేని మామకు కర్మ చేసి, గుండు మీద తువ్వాలతో!) నోరంతా వగరు పట్టేసింది, పళ్ల మధ్య బిరడా పొట్టు. నేరేడు పండు ఎక్కడో వెనక ఉందనిపించింది, లేదేమో కూడా. చిన్నమామ తన గ్లాసులో సోడా పోసుకున్నాడు. అత్త చేయి చాపింది. ఇచ్చాను. ఒక్క గుక్క తాగి, కళ్లు మూసుకొని మింగింది. తర్వాత నన్నే చూస్తూ అడిగింది.

"బిడ్డా, ఇంక నాలుగేండ్లు ఉంచితే నిజంగనే మంచిగయ్యేదా?"

ఆరు నస్పూర్ ఎండాకాలాలు, ఆపైన గడ్డి ఆవిరి. అసలు అప్పటికే అది పాడైపోయిందో, ఇంకా పచ్చిగానే ఉందో నాకేం తెలుసు? నేను గ్లాసును ఎండకు ఎత్తి, రంగు చూసి, ఇంకోసారి వాసన పీల్చి, పెద్ద పండితుడిలా తలాడించాను. "శానా మంచిగయ్యేదత్తా. దీనంతటిది ఇంకోటి ఉండేది కాదు."

"గట్లయితే ఆయన ఆగింది సబబే" అంది అత్త. అన్ని రోజులూ వచ్చినవాళ్లకు నీళ్లిస్తూ, వండుతూ, కంటనీరు పెట్టని మనిషి, గ్లాసు పట్టుకొని అక్కడే నేల మీద కూర్చొని ఏడ్చింది.

తర్వాత ఆ రుచులూ వాసనలూ నేను నిజంగానే కొంత నేర్చుకున్నాను. మంచి సీసాలు కొన్ని తాగాను కూడా. అయినా నా జన్మలో వైన్ గురించి అంత ధీమాగా మాట్లాడింది ఆ ఒక్క రోజే. గుండుతో, స్టీలు గ్లాసు ఎత్తిపట్టుకొని నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఏమీ తెలియని సన్నాసి, పాపం, సరిగ్గానే చెప్పాడు.