కోపిష్టి పిల్ల ఆరో సీడీ

నాకు పదిహేడేళ్లప్పుడు తిరుపతిలో మా ఇంటికి కొత్తగా కంప్యూటర్ వచ్చింది. నాయన దాన్ని నా చదువు కోసం కొన్నాడు. నేను దాంట్లో దయ్యాల్ని చూశాను.

మహిళా యూనివర్సిటీ హాస్టల్లో ఉండే స్నేహితురాలు ఆరు సీడీలు తెచ్చిచ్చింది. జపాన్ వాళ్ల బొమ్మల కథ. మాటలు వాళ్ల భాషలో, కింద ఇంగ్లిషు అక్షరాలు. మద్రాసు నుంచి ఎవరో తెచ్చారట, ఇంకో కాపీ లేదట. బొమ్మలే కదా అని తేలిగ్గా మొదలుపెట్టానా, మొదటి సీడీ అయ్యేసరికి గుండె దడదడలాడింది. అబ్బ, ఏం కథ అది!

అప్పటిదాకా నాకు తెలిసిన దయ్యాలన్నీ తెల్లచీర కట్టుకుని గజ్జెలు మోగించుకుంటూ బయటి నుంచి వచ్చేవే. నిమ్మకాయ చూపిస్తే పారిపోయేవి. ఇక్కడ అలా కాదు. ఒక బడిపిల్ల, నెమ్మదస్తురాలు. ఎవరిమీదైనా కోపం వచ్చిందంటే ఆమె నీడ లేచి వెళ్లిపోతుంది. అది ఏం చేసొచ్చిందో పిల్లకు తెలిసేది మర్నాడే. కోపం రాకుండా ఆపుకోవడానికి ఆ పిల్ల పడే పాట్లు చూడాలి! ఎవరేమన్నా పళ్లు బిగించి నవ్వుతుంది. రక్తం పెద్దగా చూపించరు. ఖాళీ బెంచీనో, గుమ్మంలో విప్పిన చెప్పుల్నో అరనిమిషం అలాగే చూపిస్తారు. ఒళ్లు జలదరించేది, ఆ వెంటనే ఆమె మీద జాలి ముంచుకొచ్చేది. రాక్షసి కూడా జడ వేసుకుంటుందని, ఒంటరిగా కూర్చుని ఏడుస్తుందని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

అసలు సంగతి ఇంకోటుంది. నాకూ ముక్కు మీదే కోపం. కంచాలు విసిరేసేదాన్ని. దీన్ని ఎవరు భరిస్తారో ఏమోనని చుట్టాలు నా ఎదుటే అనేవాళ్లు. అందుకే ఆ పిల్ల చివరికి బాగుపడుతుందా, లేక అందరూ కలిసి చంపేస్తారా అన్నది నాకు పరీక్ష ఫలితం కన్నా ముఖ్యమైపోయింది.

నాయన తల్లి, మా అవ్వ, మధ్యాహ్నాలు నా వెనక కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ చూసేది. నేను ఇంగ్లిషు చదివి చెప్పేదాన్ని.

"బొమ్మలంటివే, ఇంత బయమేందే?" అనేది. ఇంకో కాయ ఒలిచి, "ఆ బిడ్డ తల్లి యాడికి పాయ?" అనేది.

"వాళ్లమ్మ పట్టించుకోదవ్వా."

"అదీ సంగతి," అని ఇంకో గుప్పెడు తీసుకునేది.

అయిదో సీడీ చివర నీడ వెళ్లి వాళ్లమ్మ గది తలుపు ముందు నిలబడింది. ఆరోది పెట్టబోయేరోజే నాకు జ్వరం తగులుకుంది. రెండు రోజులు ఒళ్లెరగకుండా పడుకున్నాను. మూడో రోజు లేచి చూస్తే సీడీ లేదు.

"అవ్వా, ఆరోది యాడ పెట్టినావు?"

"దిష్టి తీసినా గదమ్మా! ఉప్పూ మిరపకాయలతో బాటు దాన్నీ తిప్పి మూడు దోవల కాడ పెట్టేసి వస్తి. జరం దిగింది గదా?"

చెప్పుల్లేకుండానే పరిగెత్తాను. మిరపకాయల మధ్యలో ఉంది, ఏ ఆటో ఎక్కిందో మూడు ముక్కలై. దిష్టి తీసినవి ముట్టుకోకూడదు. నేను ఏరుకుని గుప్పిట్లో పట్టుకొచ్చి అవ్వను నోటికొచ్చినట్టు తిట్టాను. చదువురాని మొద్దువన్నాను. ఆ పిల్ల ఏమైందో ఇంక జన్మలో తెలియదని అరిచాను.

అవ్వ నొచ్చుకోలేదు. ముక్కలు చూసి మాత్రం హడలిపోయి, పారేయించి, నా చేతులు కడిగించింది. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ బిడ్డని సంపేదానికి పెట్టినాననుకుంటివా? కోపం జాస్తిగా వచ్చే బిడ్డలకి దిష్టి తగిలుంటాదే. నీకు నేనుండా. దానికెవురుండారు? తల్లి సూడకపాయ. అందుకే నీకు మూడు సుట్లు, దానికి మూడు సుట్లు తిప్పినా. ఆ నీడ మూడు దోవల కాడే దిగిపోతాదని పెట్టొస్తి."

నా కోపానికి పేర్లు పెట్టినవాళ్లే అందరూ. పాపం అన్నది ఆవిడొక్కతే. ఏడుపు తన్నుకొచ్చింది.

"అయితే ఆ పిల్ల బతికిందా అవ్వా?"

"బతక్క యాడికి పోతాది? ఈపాటికి లేసి గంజి అడగతా ఉంటాది."