ఎండాకాలం ఆపేసిన మాత్ర

2003 జూన్. గుంటూరులో ఒక క్యాన్సర్ డాక్టరు గారి దగ్గర నర్సుగా నాకది తొమ్మిదో ఏడు. ఆపరేషనై ఇంటికెళ్లినవాళ్లను ఆర్నెల్లకోసారి పిలిపించి, రక్తం తీసి, మాత్రలు వాడుతున్నారో లేదో కనుక్కోవడం నా పని.

సత్తెనపల్లి దగ్గర పల్లె నుంచి వచ్చే కోటేశ్వరమ్మ గారిని పిన్నిగారూ అని పిలిచేదాన్ని. మిరప రైతు. నోరు పెద్దది, మనసు వెన్న. రెండేళ్ల కిందట ఎడమ రొమ్ము తీసేశారు. ఆమెది హార్మోన్ వల్ల పెరిగే రకం గడ్డ. మళ్లీ రాకుండా టామాక్సిఫెన్ అనే మాత్ర రోజుకొకటి చొప్పున అయిదేళ్లు వేసుకోవాలి. రక్తంలో ట్యూమర్ మార్కర్, అంటే గడ్డ జాడ చెప్పే అంకె, కూడా చూసేవాళ్లం. ఆ అంకె పెరిగినంత మాత్రాన జబ్బు తిరగబెట్టినట్టు కాదు గానీ, అనుమానించి వెతకాలి.

ఆ రోజు అంకె పెరిగింది. రిపోర్టు పట్టుకుని డాక్టరు గారి గదికి పరిగెత్తాను. ఎక్స్‌రే, స్కానింగ్ చేయించి, మూడు వారాలాగి మళ్లీ రక్తం తీయమన్నారు డాక్టరు గారు.

పిన్నిగారు పాత కాగితాల కోసం సంచి వెతుకుతుంటే మాత్రల అట్ట కింద పడింది. దానికి చుట్టిన బిల్లులో ఫిబ్రవరి తేదీ ఉంది. మూడు మాత్రలే ఖాళీ.

"ఇదేంటి పిన్నిగారూ? వేసుకోవట్లేదా?"

"ఎండాకాలం ఎవరన్నా వేసుకుంటారా అమ్మాయ్? అది వేడి మందు. వేసుకుంటే ఒంట్లోంచి ఒకటే ఆవిర్లు. కల్లంలో మిరపకాయల మధ్య మాడి చావనా? వానలు పడ్డాక మొదలెడతాగా. పోయినేడూ అంతే చేశా, ఏమన్నా అయిందా?"

"ప్రాణం మీదికి తెచ్చుకున్నారు కదండీ!" అని అరిచేశాను.

"నువ్వెప్పుడన్నా ఎండాకాలం సంగతి అడిగావా? వాడుతున్నారా అంటావు, ఊఁ అంటే టిక్కు కొట్టి పంపిస్తావు."

ఆమె కార్డు తిరగేశాను. వరసగా నా టిక్కులే. ఆమే గొంతు తగ్గించి, "మళ్లీ వచ్చిందా అమ్మాయ్?" అంది.

"తెలీదు పిన్నిగారూ."

ఎక్స్‌రేలో, స్కానింగ్‌లో ఏమీ కనపడలేదు. అయినా ఆ మూడు వారాలూ ఆ టిక్కులే కళ్లముందు ఆడేవి. రెండో రిపోర్టు కవరు విప్పాను. అంకె దిగింది. అక్కడే బల్ల మీద తల ఆనించి ఏడ్చాను.

"ఆపడం వల్లే పెరిగిందని చెప్పలేను, ఆపితే ఏమీ కాదనీ చెప్పలేను. ఆవిర్లకు వేరే ఉపాయం చూద్దాం. మాత్ర మాత్రం ఆపొద్దు," అన్నారు డాక్టరు గారు.

మరుసటి మే నెలలో, పిలవకుండానే, మండుటెండలో వచ్చింది పిన్నిగారు. సంచిలోంచి ఖాళీ అట్టలు తీసి నా బల్ల మీద పోసింది.

"నా మాట నమ్మబాకు. ఇవి చూడు."

ఆమె దయవల్ల, వాడుతున్నారా అని అడగడం మానేశాను. ఎప్పుడెప్పుడు ఆపారు అని అడుగుతాను. ఎప్పుడూ ఆపలేదనేవాళ్లు చాలా తక్కువ.